వాక్యాలు కలపడం పిల్లలకి ఎలా నేర్పాలి?
(ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

ఈ పూట మనం మాట్లాడుకోవాల్సింది సంయుక్త వాక్యాల గురించి, అంటే విడివిడి వాక్యాల్ని కలిపి రాయడం గురించి. నిర్వచనంతో మొదలుపెట్టను. అది మీ అందరికీ తెలుసు. ముందు మూడో తరగతి పిల్లాడు రాసిన నాలుగు ముక్కలు చదువుతాను, వినండి.

"నిన్న వాన వచ్చింది. మేము బయటికి వెళ్ళలేదు. మేము లోపల ఆడుకున్నాము. తమ్ముడు ఏడ్చాడు. అమ్మ కథ చెప్పింది."

గుణింతం తప్పు లేదు, ఒత్తు తప్పు లేదు, వాక్యం చివర చుక్క కూడా మరిచిపోలేదు. మూడో తరగతిలో ఇంత శుభ్రంగా రాస్తే 'గుడ్' అని రాసి టిక్కు పెడతాం. పెట్టాలి కూడా. అయితే చదివినవాళ్ళకి ఏం అర్థమైంది? తమ్ముడు ఎందుకు ఏడ్చాడు? బయటికి పంపలేదనా, ఆటలో ఓడిపోయాడనా, ఎక్కడైనా దెబ్బ తగిలిందా? అమ్మ కథ చెప్పింది వాణ్ణి ఊరుకోబెట్టడానికా, లేకపోతే అది రాత్రి పడుకునేముందు సంగతా? ఐదు విషయాలు ఒకదాని పక్కన ఒకటి ఉన్నాయి తప్ప, దేనికి ఏది కారణమో ఎక్కడా లేదు.

అదే పిల్లాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని "నిన్న ఏం జరిగిందిరా?" అని అడగండి. గబగబా ఇలా చెప్పేస్తాడు: "వాన వస్తుంటే అమ్మ బయటికి పంపలేదు టీచర్. అందుకని లోపలే ఆడుకున్నాం. తమ్ముడు ఓడిపోయాడని ఏడుస్తుంటే అమ్మ కథ చెప్పి ఊరుకోబెట్టింది."

గమనించారా? వస్తుంటే, అందుకని, ఓడిపోయాడని, ఏడుస్తుంటే, చెప్పి. ఒక్క గుక్కలో ఐదు చోట్ల కలిపాడు. ఇవన్నీ వాడికి ఏ పుస్తకమూ నేర్పలేదు. మాటలు నేర్చుకునే వయసులోనే వచ్చేశాయి. నోటికి ఇంత బాగా వచ్చిన విద్య పెన్సిల్ పట్టుకోగానే ఎటు పోయింది? ఇవాళ నేను చెప్పదలచుకున్నదంతా ఈ ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది.

ఎందుకు పోతుందో మనకి తెలియంది కాదు. ఆ వయసులో రాయడమంటే పెద్ద పని. ఏ అక్షరానికి ఏ ఒత్తు, దీర్ఘం ఉందా లేదా, గీత మీద రాస్తున్నామా లేదా, వీటితోనే బుర్ర నిండిపోతుంది. చిన్న వాక్యమైతే తొందరగా అయిపోతుంది, తప్పు పోయే అవకాశమూ తక్కువ. దానికి తోడు "చిన్న చిన్న వాక్యాలు రాయండి, చివర చుక్క పెట్టండి" అని ఒకటో తరగతి నుంచీ మనమే చెబుతూ వస్తాం. మొదట్లో ఆ సలహా సరైనదే. మూడో తరగతికి వచ్చాక కూడా అక్కడే ఆగిపోతే పిల్లల ఆలోచనంత పెద్దగా వాళ్ళ రాత పెరగదు.

మనవైపు ఇంకో చిక్కు కూడా ఉంది. సంధి, సమాసం చెప్పినంత ధీమాగా మనం వాక్యం గురించి చెప్పలేం. చిన్నయసూరి బాలవ్యాకరణం 1858లో వచ్చింది. అందులో సంజ్ఞతో మొదలై ప్రకీర్ణకం దాకా పది పరిచ్ఛేదాలు, అంటే అధ్యాయాలు ఉన్నాయి. సంధికి ఒకటి, సమాసానికి ఒకటి, క్రియకి ఒకటి. వాక్యానికంటూ విడిగా పరిచ్ఛేదం లేదు. తెలుగు వాక్యాన్ని పట్టుకుని దాని నిర్మాణం విప్పి చెప్పిన చేకూరి రామారావు గారి 'తెలుగు వాక్యం' 1975లో వచ్చింది. మధ్యలో నూరేళ్ళ పైమాటే. బళ్ళో వాక్యపాఠం ఇంకా బెరుగ్గానే ఉందంటే ఆశ్చర్యం లేదు. చాలా చోట్ల ఆ పాఠం "కింది వాక్యం ఏ రకమో గుర్తించండి" అనే ప్రశ్న దగ్గరే ఆగిపోతుంది.

మన కోసం ఒక్క నిమిషం ఆ రకాలు గుర్తు చేసుకుందాం. ఒకే సమాపక క్రియ ('వచ్చింది' లాంటి, పని ముగిసినట్టు చెప్పే క్రియ) ఉండి, ఒకే సంగతి చెప్తే సామాన్య వాక్యం. రెండు సమాన స్థాయి వాక్యాలు కలిస్తే సంయుక్తం: "వాన వచ్చింది కానీ ఆట ఆగలేదు." ఒకటి ముఖ్యమై, రెండోది అసమాపక క్రియతో ('వచ్చి', 'వచ్చినా' లాంటి, మాట ఇంకా పూర్తికాని క్రియతో) దానికి లోబడి ఉంటే సంశ్లిష్టం: "వాన వచ్చినా ఆట ఆగలేదు." తరగతిలో ఈ రెంటినీ వేరు వేరు గదుల్లో పెట్టాల్సిన పని లేదని నా అభిప్రాయం. పిల్లలు మాట్లాడేటప్పుడు రెండూ కలిపే వాడతారు. రాతలోనూ రెండూ పక్కపక్కనే రావాలి. 'వచ్చింది కానీ' అన్న పిల్లతోనే 'వచ్చినా' అనిపించి, రెంటిలో తనకి ఏది నచ్చిందో అడగాలి.

ఇప్పుడు ఒక చిన్న వాక్యం దగ్గర కాసేపు ఆగుదాం.

"అక్క వచ్చింది. తమ్ముడు వచ్చాడు."

కలపండి. "అక్కా తమ్ముడూ వచ్చారు." మనకి ఇది చాలా తేలిక. లోపల ఏం జరిగిందో చూడండి. రెండు పేర్ల చివర అచ్చులూ సాగాయి. ఒక క్రియ తగ్గింది. మిగిలిన క్రియ 'వచ్చింది' కాదు, 'వచ్చాడు' కాదు. రెండు వాక్యాల్లోనూ లేని 'వచ్చారు' అనే రూపం కొత్తగా వచ్చి కూర్చుంది. పిల్లలు తడబడేది ఇక్కడే. "అక్కా తమ్ముడూ వచ్చాడు" అని రాసిన పిల్లకి వ్యాకరణం రాదనుకోకండి. దగ్గరగా ఉన్న పేరుని చూసి క్రియ రాసేసింది. గట్టిగా చదివించండి, తనే ఆగి దిద్దుకుంటుంది.

ఇదే పనిని పిల్లీ కుక్కలతో చేయించండి. "పిల్లీ కుక్కా పడుకున్నాయి." మనుషులకి 'ఆరు', జంతువులకి 'ఆయి'. తర్వాత "నేను వెళ్ళాను, నువ్వు వెళ్ళావు" ఇవ్వండి. "నేనూ నువ్వూ వెళ్ళాం." "నువ్వూ వాడూ వెళ్ళారు." ఇదంతా పిల్లల నోట్లో ముందే ఉంది. పైకి తీయడమే మన పని.

ఒకసారి ఇలా చేయిస్తుంటే నాలుగో తరగతి అమ్మాయి లేచి, "మరి పాప, కుక్కపిల్ల కలిసి వస్తే వచ్చారా, వచ్చాయా?" అని అడిగింది. ఎంత మంచి ప్రశ్నో చూడండి. తరగతి రెండుగా చీలిపోయింది. 'వచ్చారు' అంటే కుక్కపిల్లని మనిషిని చేసినట్టుందన్నారు, 'వచ్చాయి' అంటే పాప నొచ్చుకుంటుందన్నారు. చివరికి ఒక పిల్లాడు "పాప కుక్కపిల్లని వెంటబెట్టుకుని వచ్చింది" అన్నాడు. చిక్కుముడి విప్పలేనప్పుడు వాక్యాన్నే మార్చి రాసుకోవచ్చని ఆ రోజు తరగతంతా నేర్చుకుంది. పెద్ద రచయితలు చేసేదీ అదే.

ఇక్కడే 'మరియు' గురించి కూడా చెప్పాలి. "అక్క వచ్చింది మరియు తమ్ముడు వచ్చాడు" అని పిల్లలు రాయడం చూస్తుంటాం. ఏ పిల్లా ఇంట్లో అలా మాట్లాడదు. ఇంగ్లీషు పీరియడ్‌లో రెండు నిండు వాక్యాల మధ్య 'అండ్' పెట్టి కలపడం నేర్చుకుంటారు. అక్కడ అది సరైన పద్ధతే. తెలుగు పీరియడ్‌లో కూడా అదే ఖాళీలో పెట్టడానికి ఒక మాట వెతుకుతారు. మనం 'మరియు' అందిస్తాం. తెలుగులో ఆ పనిని అచ్చు సాగదీయడమో, 'వచ్చి' లాంటి క్రియో చేసేస్తాయి. "తలుపు తీశాను మరియు బయట చూశాను" అని రాస్తే, "నువ్వు మీ అమ్మకి ఎలా చెప్తావు?" అని అడగండి. "తలుపు తీసి బయట చూశాను" అనే వస్తుంది. 'మరియు' రాస్తే మార్కు తీసేయమని అనను. కానీ ఆ మాటని నేర్పాల్సింది మాత్రం మనం కాదు.

ఇక అసలు విషయానికి వస్తాను. కలిపే మాటల పట్టిక రాసిచ్చి కంఠస్థం చేయిస్తే పిల్లలకి మాటలు వస్తాయి, వాక్యాలు రావు. కలపడానికి ముందు ఈ రెండు సంగతులకీ మధ్య ఉన్న సంబంధం ఏమిటన్నది పిల్లలు తేల్చుకోవాలి. ఒకటి జరగడం వల్ల రెండోది జరిగిందా? మొదటిది విని మనం అనుకున్నదానికి రెండోది అడ్డంగా ఉందా? ఒకటి అయ్యాక రెండోదా? ఈ రెంటిలో ఏదో ఒకటేనా? సంబంధం తేలితే మాట దానంతటదే వస్తుంది.

నాకు బాగా పనికొచ్చిన పాఠం ఒకటి చెప్తాను. బోర్డు మీద రెండు వాక్యాలు రాస్తాను. "రవి ఓడిపోయాడు. రవి నవ్వాడు." ఎన్ని రకాలుగా కలపగలరో కలపమంటాను. వరసగా వస్తాయి.

ఓడిపోయాడు కానీ నవ్వాడు.
ఓడిపోయినా నవ్వాడు.
ఓడిపోయి నవ్వాడు.
ఓడిపోయాడు, అందుకే నవ్వాడు.

అప్పుడు ఒక్కో వాక్యానికి ఒక్కొక్కరిని పిలిచి రవిలా నటించమంటాను. 'ఓడిపోయినా నవ్వాడు' దగ్గర ఛాతీ విరుచుకుని నవ్వుతారు. 'ఓడిపోయి నవ్వాడు' దగ్గర తలకాయ గోక్కుంటూ, కాస్త సిగ్గుగా నవ్వుతారు. 'అందుకే నవ్వాడు' దగ్గరికి వచ్చేసరికి గొడవ మొదలవుతుంది. ఓడిపోయినందుకు ఎవరైనా నవ్వుతారా, ఈ వాక్యం తప్పు అంటారు. తప్పని నేను ఒప్పుకోను. ఎప్పుడు ఒప్పవుతుందో చెప్పమంటాను. ఒక పాప చాలాసేపు ఆలోచించి, "వాళ్ళ చెల్లితో ఆడుతున్నాడేమో, కావాలనే ఓడిపోయి ఉంటాడు" అంది. ఆ 'అందుకే' అనే ఒక్క మాట వల్ల ఒక కథ పుట్టింది.

ఆ తర్వాత నేనే ఐదోది రాస్తాను. "ఓడిపోయాడని నవ్వాడు." ఇప్పుడు ఓడిపోయింది ఎవరు, నవ్వింది ఎవరు? పిల్లలు టక్కున పట్టేస్తారు. ఓడినవాడు వేరు, నవ్వినవాడు వేరు. నవ్వినవాడి మీద అందరికీ కోపం వస్తుంది. రెండు క్రియలూ అవే. మధ్యలో చిన్న 'అని' చేరితే మనుషులు మారిపోయారు, మంచితనం మారిపోయింది. ఈ పాఠానికి కావలసింది బోర్డు, చాక్‌పీసు మాత్రమే. పీరియడ్ అయిపోయాక కూడా పిల్లలు బయట ఇలాంటి వాక్యాలు కల్పించుకుని ఒకరినొకరు ఏడిపించుకుంటూ కనిపిస్తారు.

ఈ పని నోటితో ఎక్కువ, రాతతో తక్కువ జరగాలి. ఒకటి, రెండు తరగతుల్లో అయితే పూర్తిగా నోటితోనే. మూడో తరగతిలో ముందు చెప్పించి, చెప్పిన వాక్యాన్నే రాయించాలి. చెప్పిన వాక్యం చేతిదాకా వచ్చేసరికి మళ్ళీ రెండు ముక్కలవుతుంది, అది మామూలే. "ఇప్పుడు నువ్వు చెప్పినట్టే ఉందా?" అని అడిగితే చాలు.

సగం వాక్యం ఇచ్చి పూర్తి చేయించడం ఇంకో మంచి పని. ఒకే మొదలు, మూడు రకాల కొనసాగింపు. "మొక్క వాడిపోయింది, ఎందుకంటే..." "మొక్క వాడిపోయింది కానీ..." "మొక్క వాడిపోయింది, కాబట్టి..." ఎందుకంటే దగ్గర పిల్లలు కారణం వెతకాలి. కానీ దగ్గర ఆశ ఏదో చెప్పాలి, 'వేరు పచ్చిగానే ఉంది' లాంటిది. కాబట్టి దగ్గర తరవాత ఏం చేశారో చెప్పాలి. ఇది పరిసరాల విజ్ఞానం పీరియడ్‌లో చేయించి చూడండి. పాఠం ఎవరికి ఎంత అర్థమైందో ఈ మూడు వాక్యాల్లో తెలిసిపోతుంది. "మొక్క వాడిపోయింది, ఎందుకంటే ఆకులు వేలాడాయి" అని ఒకరు రాశారనుకోండి. వాక్యం వ్యాకరణం ప్రకారం బాగానే ఉంది. కారణానికీ లక్షణానికీ తేడా ఇంకా తెలియలేదని అర్థం. అక్కడ దిద్దాల్సింది తెలుగు కాదు, సైన్సు.

నాలుగు, ఐదు తరగతుల్లో 'చేసి, చూసి, వచ్చి' రూపాలు రాతలోకి బాగా రావాలి. దీంట్లో ఒక మెలిక ఉంది. "టీచర్ వచ్చి మేము లేచాము" అని పిల్లలు రాస్తారు. చెవికి ఎబ్బెట్టుగా ఉంటుంది, ఎందుకంటే వచ్చింది ఒకరు, లేచింది వేరొకరు. "టీచర్ రాగానే మేము లేచాము" అంటే సరిపోతుంది. అందుకని 'రెండు పనులూ ఒకరే చేయాలి' అని సూత్రం చెప్పేయాలనిపిస్తుంది. చెప్పకండి. చెప్పిన మర్నాడే ఒక పిల్ల "వాన పడి ఆట ఆగిపోయింది" అని రాస్తుంది. అక్కడ కర్తలు వేరు, అయినా వాక్యం నిక్షేపంగా ఉంది. దానంతటది జరిగిన ఒక సంగతి రెండోదానికి కారణమైతే తెలుగు ఒప్పుకుంటుంది. ఇదంతా పదేళ్ళ పిల్లలకి సూత్రంగా ఎక్కదు. రెండు వాక్యాలూ గట్టిగా చదివించి ఏది బాగుందో వాళ్ళ చెవినే అడగండి. ఆ వయసు పిల్లల చెవి మనం అనుకునేదానికన్నా చాలా నమ్మదగినది.

చెవి అన్నాను కాబట్టి ఇంకో మాట. కొందరు పిల్లలు ఇంట్లో 'కానీ' అనరు, 'గని' అంటారు. 'అందుకే' బదులు 'గందుకే' అంటారు. నోటితో కలిపేటప్పుడు దాన్ని ఆపి దిద్దారంటే ఆ పిల్ల ఇక నోరు విప్పదు. సంబంధం సరిగ్గా పట్టుకుందా లేదా అన్నదే అక్కడ చూడాలి. పుస్తకంలో రాసే రూపం తర్వాత మెల్లగా పరిచయం చేయవచ్చు.

కలపడం వచ్చాక కొత్త చిక్కు మొదలవుతుంది. అన్నీ కలిపేస్తారు! "మేము లేచి స్నానం చేసి బస్సెక్కి దిగి లోపలికి వెళ్ళి చూసి తర్వాత ఆడుకుని తర్వాత..." పేజీ చివరిదాకా చుక్క ఉండదు. కంగారు పడకండి, ఇది ఎదుగుదలలో ఒక మెట్టు. అమెరికాలో కెలాగ్ హంట్ అనే పరిశోధకుడు నాలుగు, ఎనిమిది, పన్నెండు తరగతుల పిల్లల రాతల్ని పోల్చి 1965లో ప్రచురించాడు. చిన్న పిల్లలు నిండు వాక్యాల్ని 'అండ్'తో వరసగా తగిలించుకుంటూ పోతారు, పెద్దయ్యేకొద్దీ అది తగ్గి, ఒక వాక్యంలోకి ఇంకోదాన్ని ఇమిడ్చి రాయడం పెరుగుతుంది అని ఆయన గమనించాడు. వాక్యం పొడుగే పరిణతి అనుకోవద్దు. ఎక్కడ కలపాలో తెలిసినట్టే ఎక్కడ ఆపాలో కూడా తెలియాలి. పొడుగు వాక్యాన్ని ఇచ్చి మూడు ముక్కలు చేయమనడం కూడా అంతే ముఖ్యమైన అభ్యాసం. "మేం కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాం. వాన ఆగింది." ఆ రెండోదాన్ని దేనికీ కలపకూడదు. ఎందుకు కలపలేదో పిల్ల చెప్పగలిగితే మీ పాఠం నెగ్గినట్టే.

వాక్యాలు కలిపించే అభ్యాసం మీద ఇంగ్లీషులో చాలా పరిశోధన జరిగింది. జాన్ మెలన్ అనే పరిశోధకుడు 1969లో ఈ అభ్యాసాన్ని వ్యాకరణ పాఠంతో జోడించి చేయించాడు. ఫ్రాంక్ ఓహేర్ 1973లో ఆ వ్యాకరణం మొత్తం పక్కన పెట్టి, ఉత్త కలిపే అభ్యాసమే ఏడో తరగతి పిల్లలకి ఇచ్చాడు. రాత మెరుగైంది. 2007లో స్టీవ్ గ్రాహమ్, డోలొరెస్ పెరిన్ అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలన్నీ కలిపి చూసినప్పుడు, నాలుగో తరగతి నుంచి పన్నెండు దాకా రాతకి మేలు చేసే పదకొండు పద్ధతుల్లో ఇదొకటని తేలింది. విడిగా చెప్పే వ్యాకరణ పాఠం మాత్రం ఆ లెక్కలో మేలు చేయలేదు. ఇవన్నీ ఇంగ్లీషు రాత మీద జరిగినవి. మన క్రియల తీరు వేరు కాబట్టి అభ్యాసాలు మనమే తయారు చేసుకోవాలి. కలపడం ద్వారానే కలపడం వస్తుందన్న మాట మాత్రం తెలుగుకీ వర్తిస్తుందని మన తరగతి గదులే చెబుతున్నాయి.

ఇందాక టీ విరామంలో ఒక మేడమ్ గారు అడిగారు: "పరీక్షలో ఏ రకం వాక్యమో రాయమని అడుగుతారు కదండీ, పేర్లు చెప్పకపోతే ఎలా?" చెప్పాలి. చివర్లో చెప్పాలి. పిల్లలు తామే రాసిన వాక్యాలు ఓ ఇరవై పోగయ్యాక, "వీటిలో ముక్కలు చేస్తే రెండూ విడివిడిగా నిలబడేవి ఏవి? ఒకటి వేలాడిపోయేవి ఏవి?" అని రెండు కుప్పలు పోయించండి. 'వాన వచ్చింది' నిలబడుతుంది. 'వాన వచ్చినా' వేలాడుతుంది. కుప్పలు తయారయ్యాక వాటికి పేర్లు ఇవ్వండి. సంయుక్తం, సంశ్లిష్టం. ఒక్క పీరియడ్ చాలు. పరీక్ష టెన్షన్ ఉండదు, ఎందుకంటే ఆ పేరు దేనికి పెట్టారో వాళ్ళ చేతుల్లో ఉంది.

నోటు పుస్తకాలు దిద్దేటప్పుడు ఒక్కటి పాటించండి. విడివిడి వాక్యాలు కనిపిస్తే "కలిపి రాయి" అని రాయకండి. అలా రాస్తే చుక్కలు చెరిపేసి 'తర్వాత' అని పెట్టుకొస్తారు. దానికి బదులు మార్జిన్‌లో ఒక ప్రశ్న రాయండి. 'ఎందుకు ఏడ్చాడు?' అంతే. జవాబు రాయాలంటే కలపక తప్పదు. కలిపిన మాట తప్పయినా మొదటిసారికి ఎర్ర ఇంకు వాడకండి, పిలిచి చదివించండి. వాక్యాన్ని 'కానీ'తో మొదలుపెట్టినా దిద్దకండి. తెలుగులో అది తప్పు కాదు.

ఇప్పుడు మీ ముందున్న కాగితాలు తీయండి. మూడో తరగతి పిల్లలు రాసిన వాక్యాలు జతలుగా ఇచ్చాం. ఇద్దరిద్దరు కూర్చుని ఒక్కో జతని వీలైనన్ని రకాలుగా కలపండి. ప్రతిదాని పక్కనా అర్థం ఎలా మారిందో ఒక్క ముక్కలో రాయండి. 'మరియు' వాడకుండా చేయండి. పావుగంట తర్వాత మొదటి వరస నుంచి చదువుదాం.